వాలంటీర్ లీడర్ల శిక్షణ: రెండు రోజుల శిబిరమా, వారం వారం తరగతులా, సీనియర్ వెంట తిరగడమా?

కొత్త వాలంటీర్ లీడర్లను తయారుచేద్దామనుకునే సంఘాలన్నీ తిప్పి తిప్పి అడిగే ప్రశ్న ఇదే. శని, ఆదివారాల్లో శిబిరం పెట్టి ముగించేద్దామా, వారానికోసారి చొప్పున రెండు నెలలు నడుపుదామా, లేక ఎవరైనా సీనియర్ వెంట తిప్పితే సరిపోతుందా? ఏం నేర్పాలన్నది దాదాపు అందరికీ తెలిసిందే: పని పంచడం, సమావేశం నడపడం, గొడవలు సర్దడం. తేడా అంతా నేర్పే పద్ధతిలోనే వస్తుంది.

ఎక్కువ మంది మొగ్గు శిబిరానికే. కారణాలూ ఉన్నాయి. ఒకే తేదీ, ఒకే హాలు, ఒకే శిక్షకుడు. ఉద్యోగస్థులు ఒక వారాంతం ఎలాగో సర్దుకుంటారు. ముఖం తెలియనివాళ్లు రెండు రోజులు కలిసి ఉంటే వచ్చే చనువు వారానికి గంటన్నర కూర్చుంటే రాదు. ఇక ఆఖరి రోజు ఫీడ్‌బ్యాక్ ఫారాలు చదివితే నిర్వాహకుల కడుపు నిండిపోతుంది.

చిక్కు ఆ ఫారాల దగ్గరే ఉంది. శిక్షణ ఫలితాన్ని అమెరికన్ ప్రొఫెసర్ డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లోనే నాలుగు మెట్లుగా విడదీశాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనితీరు మారిందా, సంస్థకు ఫలితం దక్కిందా. ఆఖరి రోజు ఫారం మొదటి మెట్టు సంగతి మాత్రమే చెబుతుంది. మూడో మెట్టు చూడాలంటే కొన్ని వారాలు ఆగాలి. అప్పటికి శిబిరం బ్యానర్ కూడా ఎక్కడో మడతపెట్టి ఉంటుంది, అడిగేవాళ్లే ఉండరు.

నా దృష్టిలో తేల్చేది ఒక్కటే: నేర్చుకునేవాళ్ల చేతిలో శిక్షణ సాగుతుండగానే నిజమైన పని ఉందా, లేదా? వారం వారం తరగతుల బలం తరగతి గదిలో కన్నా రెండు తరగతుల మధ్య ఉండే ఆరు రోజుల్లోనే ఎక్కువ.

రక్తదాన కార్యక్రమానికి పది మంది వాలంటీర్లను పోగుచేసే పని ఒకరికి అప్పగించారనుకోండి. మొదటి వారం ఆయన వాట్సాప్ గ్రూపులో "వీలున్నవాళ్లు తప్పక రండి" అని పెడతాడు. బొటనవేళ్లు బోలెడు పడతాయి, వస్తామని చెప్పేది ఇద్దరు. తరగతికొచ్చి "ఎవరికీ బాధ్యత లేదండీ" అంటాడు. అప్పుడు శిక్షకుడు ఉపన్యాసం మొదలుపెట్టకూడదు. ఆ మెసేజ్‌నే పైకి చదివించి, "ఇందులో ఎవరిని పేరుపెట్టి అడిగారు? ఏ పనికి? ఎన్నింటి దాకా ఉండాలి?" అని అడగాలి. మరుసటి వారం అదే మనిషి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, "ఆదివారం 9 నుంచి 11 దాకా పేర్లు రాసుకునే టేబుల్ దగ్గర కూర్చుంటారా?" అంటాడు. కుదరదంటే నొచ్చుకోకుండా "పోనీ, 11 తర్వాత?" అనడం కూడా అలాగే అలవాటవుతుంది. శిబిరంలో రోల్ ప్లే పెట్టినా ఇది రాదు, ఎందుకంటే అక్కడ కాదన్న మాట ఎవరికీ నిజంగా తగలదు. చేయడం, వెనక్కి చూసుకోవడం, అందులోంచి సూత్రం పట్టుకోవడం, మళ్లీ ప్రయత్నించడం అని అమెరికన్ విద్యా పరిశోధకుడు డేవిడ్ కోల్బ్ 1984లో చెప్పిన చక్రం రెండు నెలల్లో చాలాసార్లు తిరుగుతుంది. రెండు రోజుల్లో ఒక్కసారి తిరిగితే గొప్ప.

"అన్ని వారాలు నడిపే శిక్షకులు ఎక్కడ దొరుకుతారు?" అంటారు. 1957లో అమెరికాలోని సౌత్ కరోలినా రాష్ట్రం, జాన్స్ ఐలండ్‌లో నల్లజాతి పెద్దలకు ఓటరుగా నమోదయ్యేందుకు చదవడం, రాయడం నేర్పిన మొదటి పౌరసత్వ పాఠశాలకు టీచర్ బెర్నిస్ రాబిన్సన్. ఆవిడ వృత్తి బ్యూటీషియన్. మీకేం కావాలని వచ్చినవాళ్లనే అడిగి, దాన్నిబట్టి పాఠం కట్టుకుంది. మీ సంఘంలో ఓపిగ్గా ప్రశ్నలడిగే మనిషి ఒకరుంటే చాలు, పేరుమోసిన ట్రైనర్ అక్కర్లేదు.

వారం వారం తరగతులకూ లోపం లేకపోలేదు. మూడో, నాలుగో వారానికి హాజరు పలచబడుతుంది. వారానికోసారి బదులు పదిహేను రోజులకోసారి పెట్టడం, ఇద్దరిద్దరికి కలిపి ఒక పని ఇవ్వడం కొంత ఆదుకుంటాయి. అయినా కొందరు మానేస్తారు. పని చేతికొచ్చాక తప్పుకునేవాళ్లు ముందే తెలిసిపోవడం నాకైతే నష్టంగా అనిపించదు.

సీనియర్ వెంట తిప్పడం ఒకరిద్దరికైతే బాగానే ఉంటుంది. కాకపోతే అంతా ఆ సీనియర్ మీదే ఆధారపడి ఉంది. అన్నీ తానై చేసుకునే మనిషి దొరికితే రెండేళ్లు తిరిగినా సామాన్లు మోయడమే వస్తుంది. ఆన్‌లైన్ వీడియోలు నియమాలు, లెక్కలు, పిల్లల భద్రత లాంటి వాటికి పనికొస్తాయి, అంతవరకే. శిక్షకులకు శిక్షణ ఇచ్చి, వాళ్లచేత కిందివాళ్లకు ఇప్పించే పద్ధతిలో విషయం మెట్టు మెట్టుకూ పలచబడుతుంది.

శిబిరం వద్దని అనడం లేదు. స్కౌట్ ఉద్యమం స్థాపించిన బేడెన్ పావెల్, స్కౌట్ లీడర్ల కోసం 1919లో ఇంగ్లండ్‌లోని గిల్‌వెల్ పార్క్‌లో మొదలుపెట్టిన వుడ్ బ్యాడ్జ్ అనే శిక్షణ, శిబిరాలకే పేరు. అందులోనూ క్యాంపు చేసినంత మాత్రాన, శిక్షణ పూర్తయిందనే గుర్తుగా ఇచ్చే చెక్క పూసలు మెడలో పడవు, తమ దళంలో చేయాల్సిన పని చేసి చూపించాలి. కాబట్టి చనువు కోసం మొదట ఒక్కరోజు శిబిరం, ఆ తర్వాత తరగతులు పెడితే రెండిటి లాభమూ దక్కుతుంది. ఒక్క వారాంతం తప్ప వీలులేదంటే ఆఖరి గంటలో పాటలు, ఫొటోలు తగ్గించి ప్రతి ఒక్కరితో ఒక పని, ఒక తేదీ రాయించండి. మూడు వారాల తర్వాత "ఎంతవరకు వచ్చింది?" అని ఫోన్ చేసే మనిషి పేరు కూడా పక్కనే ఉండాలి. ఆ మనిషి దొరక్కపోతే శిబిరాన్నే వాయిదా వేయడం నయం.