పాత చీరల బొంతా, బొమ్మల బొంతా?

పర్లాకిమిడిలో మా ఇళ్లలో పురుడొస్తే బొంత ఇవ్వాల్సిందే. ఈసారి అప్ప మనవడికి ఒకటి, స్నేహితురాలి గృహప్రవేశానికి ఒకటి కుట్టాను. రెండూ రెండు రకాలు.

మొదటిది పాత నూలు చీరలది. అయిదున్నర మీటర్ల చీరను నాలుగు మడతలు వేస్తే పసిపిల్లాడి బొంత సైజు వచ్చేస్తుంది. రెండు చీరలంటే ఎనిమిది పొరలు, దూది అక్కర్లేదు. అంచు నుంచి లోపలికి వరసగా సూదిని పైకీ కిందికీ దూర్చే సాదా కుట్టు (రన్నింగ్ స్టిచ్) వేసుకుంటూ పోవడమే. వాడిన బట్ట కాబట్టి మెత్తన, రంగు దిగదు. అమ్మమ్మ చీర, అమ్మ చీర కలిపితే అదే థీమ్, వేరే బొమ్మలెందుకు? ఖర్చు దారం రీళ్లే. కాకపోతే చిరుగులు చూసుకోవాలి, నేను చూసుకోలేదు, నెలకే ఒక మూల పిగిలింది.

రెండోది ఒడిశాలోని పిపిలి ఊరి చాందువా పని, అంటే బట్ట మీద బట్ట బొమ్మలు కుట్టే పని, చూసి నేర్చుకున్నది. కొత్త బట్టలో చేపలు, ఏనుగులు కత్తిరించి, అంచులు పావు అంగుళం లోపలికి మడిచి, అడుగు బట్ట మీద కుట్టాలి. చూపుకి ఇదే గొప్ప. కానీ కొత్త బట్టను ముందే ఉతికి ఆరబెట్టకపోతే తర్వాత ముడుచుకుపోతుంది, ఎరుపు దిగి తెలుపంతా గులాబీ అవుతుంది. లోపల దూది పెడితే దగ్గర దగ్గరగా కుట్లు పడాలి, లేదంటే ఉండలు కడుతుంది. చేపల తోకల దగ్గర నాకు ఓపిక అయిపోయింది.

పసివాళ్లకైతే చీరల బొంతే ఇస్తాను. గోడకు వేలాడదీసే వాళ్లకు బొమ్మలది.