డాబా తోటకి డ్రిప్ కిట్: విశాఖ ఎండల్లో వాడి చూశాక

కుండీలకి సన్న గొట్టాలతో బొట్లు బొట్లుగా నీళ్లు అందించే డ్రిప్ కిట్ మా డాబా మీద పెట్టి కొన్ని వేసవులు గడిచాయి. ఆన్‌లైన్లో ఇలాంటి వాటి మీద కనిపించే సమీక్షలు చాలావరకు డబ్బా విప్పిన రోజున రాసినవే. ప్యాకింగ్ బాగుంది, పైపు మెత్తగా ఉంది, ఐదు నక్షత్రాలు. గొట్టం చివర నీళ్లు చుక్కలుగా వదిలే డ్రిప్పర్ సంగతి బయటపడేది మొదటి వారంలో కాదు, రెండో ఏడు రోహిణి కార్తెలో. అందుకే ఆగి రాస్తున్నాను.

ముందే తీర్పు చెప్పేస్తాను. పైపులకి మంచి మార్కులే వేస్తాను. డ్రిప్పర్లు పర్వాలేదు, ఏటా కొన్ని మార్చుకోవాలి. వేళకి నీళ్లు వదిలి ఆపే టైమర్ మాత్రం కిట్‌తో పాటు వచ్చేది తీసుకోకండి. మీ ట్యాంకు ఎంత ఎత్తులో ఉందో చూసుకుని విడిగా కొనండి. ఈ కిట్లు కుళాయి తిప్పగానే నీళ్లు జోరుగా వచ్చే ఇళ్ల కోసం చేసినవి. మన డాబాల మీద ఉండేది నల్ల ప్లాస్టిక్ ట్యాంకు, వేసవిలో సగం రోజులు అందులో బోరు నీళ్లే. ఇబ్బందులన్నీ ఆ రెండింటి దగ్గరే మొదలవుతాయి.

మాది ఎంవీపీ కాలనీ వైపు, సముద్రపు గాలి తగిలే డాబా. కుండీలు, గ్రో బ్యాగులు, పాత పెయింట్ డబ్బాలు, ఒక సిమెంటు తొట్టి. వంగ, బెండ, గోంగూర, తోటకూర, బచ్చలి, కరివేపాకు, మల్లె ఉన్నాయి. వేసవిలో పేపర్లో వాల్తేరు ఇంత, ఎయిర్‌పోర్టు ఇంత అని రెండు ఉష్ణోగ్రతలు వేస్తారు. వాల్తేరు అంకె తక్కువగా ఉంటుంది కాబట్టి బీచ్ దగ్గరి వాళ్లం కాస్త ధీమాగా ఉంటాం. ఆ అంకె నీడలో కొలిచిన గాలిది. కాలిపోతున్న స్లాబు మీద నల్ల గ్రో బ్యాగులో ఉన్న వేరుకి దానితో సంబంధం లేదు. పైగా మధ్యాహ్నం నుంచి వీచే సముద్రపు గాలి మనకి హాయిగానే ఉంటుంది గానీ, అదే గాలి కుండీలో తడిని లాగేస్తుంది. ఉక్కకి మన చెమట ఆరదు, కుండీ మాత్రం సాయంత్రానికి ఎండిపోతుంది. కుండీ కింద రెండు ఇటుకలు పెట్టి స్లాబుకి తగలకుండా లేపడం డ్రిప్ కంటే ముందు చేయాల్సిన పని, ఖర్చు లేనిది కూడా.

ఇక టైమర్. మార్కెట్లో రెండు రకాలున్నాయి. మొదటిది సోలనాయిడ్ వాల్వుది. లోపల పల్చటి రబ్బరు పొర ఉంటుంది, నీటి ఒత్తిడి తోడుంటేనే అది సరిగా తెరుచుకుని మూసుకుంటుంది. కనీసం 0.5 బార్ అనో 1 బార్ అనో పెట్టె మీద ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఒక బార్ అంటే దాదాపు 10 మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటి ఒత్తిడి. డాబా మీద దిమ్మె కట్టి పెట్టిన ట్యాంకులో నీటి మట్టం కుండీల కంటే మహా అయితే రెండు మీటర్లు పైన ఉంటుంది, అంటే 0.2 బార్. అర బార్ కావాలన్నా ట్యాంకు 5 మీటర్ల పైకి ఎక్కించాలి. మా కిట్‌తో వచ్చింది ఈ రకమే. వేళకి టిక్కుమనేది, డ్రిప్పర్లలో మాత్రం చుక్క ఉండేది కాదు. ఒక్కోసారి తెరుచుకున్నది సరిగా మూసుకునేది కాదు, తెల్లారేసరికి డాబా అంతా తడి, ట్యాంకులో నీళ్లు అడుక్కి. అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే "మీకు ప్రెషర్ లేదండీ" అన్నారు. ఆ ముక్క కొనకముందు ఎవరూ చెప్పలేదు.

రెండోది బాల్ వాల్వు టైమర్. చిన్న మోటారు లోపలి వాల్వుని తిప్పి తెరుస్తుంది, మళ్లీ తిప్పి మూస్తుంది. దానికి నీటి ఒత్తిడితో పనిలేదు, పెట్టె మీద 0 బార్ అని ఉంటుంది. ధర కాస్త ఎక్కువే. అయినా అది పెట్టాక ఊరెళ్లినా టెన్షన్ లేదు. ఒక్క జాగ్రత్త: వాల్వు తెరిచి ఉన్నప్పుడు బ్యాటరీ అయిపోతే అలా తెరిచే ఉండిపోతుంది. బ్యాటరీ బలహీనపడగానే తనే మూసుకునే మోడళ్లు ఉన్నాయి, అడిగి తీసుకోండి. మేం మార్చి మొదట్లో కొత్త బ్యాటరీలు వేసేస్తాం, వేసవి గట్టెక్కుతుంది. టైమర్ నెత్తిన సగం కోసిన ప్లాస్టిక్ డబ్బా బోర్లిస్తే ఎండకీ, సాయంత్రాలు ఉన్నట్టుండి పడే జల్లుకీ అడ్డు.

డ్రిప్పర్ల మీద గంటకి 2 లీటర్లు, 4 లీటర్లు అని అచ్చు వేసి ఉంటుంది. అది తగినంత ఒత్తిడి ఉన్నప్పటి లెక్క, మన ట్యాంకు కింద అంత రాదు. లీటరు వాటర్ బాటిల్ ఒకటి డ్రిప్పర్ కింద పెట్టి పది నిమిషాలు వదిలి, ఎంత నిండిందో చూడండి. అదే మీ అసలు లెక్క. ట్యాంకు దగ్గరి కుండీ కిందా, చివరి కుండీ కిందా రెండు చోట్లా కొలవాలి. మా దగ్గర మొదట్లో ముందున్న వంగకి వరద, చివరున్న మల్లెకి కరువు. 16 ఎంఎం పైపుని ఒక గీతలా లాగి చివర మూసేయకుండా, తిప్పి తెచ్చి మొదటి చోటే కలిపి గుండ్రంగా చేస్తే నీళ్లు రెండు వైపుల నుంచీ వస్తాయి, తేడా బాగా తగ్గుతుంది. మిగిలిన కాస్తా తిప్పి సర్దుకునే డ్రిప్పర్లతో సరిచేసుకోవచ్చు. ఒత్తిడిని సమం చేసే ఖరీదైన డ్రిప్పర్లు ట్యాంకు నీళ్లకి దండగ, అవి పనిచేయాలన్నా ఒత్తిడే కావాలి.

ఎంత నీళ్లు పెట్టాలి అని అందరూ అడుగుతారు. మే నెలలో 12 అంగుళాల కుండీలో కాపు మీదున్న వంగకి మా దగ్గర రోజుకి లీటరు పైనే పడుతుంది, గోంగూరకి అందులో సగం చాలు. మట్టిలోకి వేలు రెండు కణుపుల దాకా దించి చూడటం కంటే నమ్మకమైన పరికరం నాకు కనబడలేదు. తేమ చెప్పే మీటర్ కూడా ఒకటి కొన్నాం, అది అన్ని కుండీలకీ ఒకే జవాబు చెబుతుంది. తెల్లవారుజామున 5 గంటలకి ఒకసారి, అరగంట ఆగి ఇంకోసారి, కొంచెం కొంచెంగా వదలడం మంచి పద్ధతి. కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఎక్కువగా కలిపిన మట్టి ఒకసారి ఎండితే నీళ్లు పీల్చుకోదు, పోసినవన్నీ కుండీ గోడ పక్కగా జారి కిందికి పోతాయి. మొదటి విడతకి అది నానుతుంది, రెండో విడత వేరుకి అందుతుంది. మధ్యాహ్నం మాత్రం వదలకండి, నల్ల పైపులో నిలిచిన నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. చేతి పైపుతో పోసేవాళ్లు కూడా మొదటి బకెట్టు పక్కన పట్టేయాలి.

కింది పోర్షన్లో ఉండే మామ్మగారు కిట్ పెట్టిన రోజే అడిగారు: "ఆ సన్న గొట్టాల్లోంచి నీళ్లొస్తున్నాయో లేదో ఎలా తెలుస్తుందమ్మా? చెంబుతో పోస్తే కళ్లకి కనబడతాయి కదా!" డ్రిప్ మీద ఇంతకంటే సూటి విమర్శ నేను ఎక్కడా చదవలేదు. ఒక డ్రిప్పర్ మూసుకుపోయిన సంగతి మొక్క తల వేలాడేసేదాకా తెలియదు. మూసుకుపోవడం ఖాయం కూడా. బోరు నీళ్లతో డ్రిప్పర్ మూతి చుట్టూ తెల్లటి పొర కడుతుంది, గోరుతో గీకితే సున్నంలా రాలుతుంది. తాటిపూడి, రైవాడ, మేఘాద్రిగెడ్డ జలాశయాల నుంచి వచ్చే కార్పొరేషన్ నీళ్లతో ఇంత పేరుకోదు గానీ, వేసవిలో అవి తోట దాకా మిగలాలి కదా. డ్రిప్పర్లు విప్పి రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి పొద్దున్నే కడిగితే సగానికి పైగా బాగుపడతాయి, మిగిలినవి చెత్తబుట్టకే. ట్యాంకు దగ్గర 120 మెష్ (అంగుళానికి 120 కన్నాలుండే) జాలీ ఫిల్టర్ తప్పనిసరి, వారానికోసారి దాన్ని విప్పి కడగాలి. సన్న గొట్టాల్లో తెల్లగా పారదర్శకంగా ఉండేవి వద్దు, ఎండ తగిలి లోపల పాచి పడుతుంది. నల్లవే తీసుకోండి.

డ్రిప్‌తో ఇంకో చిక్కు కూడా ఉంది. బొట్లు బొట్లుగా పడే బోరు ఉప్పునీళ్లు కుండీ అడుగు దాకా వెళ్లి బయటికి రావు, ఉప్పు మట్టిలోనే పేరుకుంటుంది. ఆకుల కొసలు మాడినట్టు గోధుమరంగుకి తిరిగితే మనం నీళ్లు చాలలేదనుకుని ఇంకాస్త ఉప్పు పోస్తాం. పదిహేను రోజులకోసారి మంచినీళ్లు, అడుగు కన్నంలోంచి ధారగా కారేదాకా పోయాలి. ఆ పని టైమర్ చేయదు.

ఉడతలు, కాకులు దాహానికి పైపులు కొరుకుతాయి. పిట్టగోడ మీద మట్టి మూకుడులో నీళ్లు పెట్టడం మొదలుపెట్టాక ఆ బెడద దాదాపు పోయింది. ఇది పుణ్యం కోసం చెప్పడం లేదు, పైపు కోసమే.

కిట్ కంటే ఎక్కువ నీళ్లు మిగిల్చింది మాత్రం మట్టి మీద పరిచిన పీచు కప్పు. కొబ్బరిబోండాల బండి దగ్గర పీచు ఊరికే ఇస్తారు. చెరకు రసం బండి వాళ్లు పిప్పి ఇంకా సంతోషంగా ఇస్తారు గానీ, కడిగి ఎండబెట్టకుండా వేస్తే అనకాపల్లి బెల్లం దిమ్మె దొరికినట్టు చీమలన్నీ అక్కడే కాపురం పెడతాయి. రెండంగుళాల మందాన పీచు పరిచి, డ్రిప్పర్‌ని దాని కిందికి దూర్చండి.

షేడ్‌నెట్ 50 శాతంది (సగం ఎండని ఆపేది) ఆకుకూరలకి చాలు, బెండకి అక్కర్లేదు. టమాటాకి నెట్ కట్టినా ఎండలు 35 డిగ్రీలు దాటి రాత్రిళ్లు కూడా చల్లబడకపోతే పూత రాలిపోతుంది, దాని మీద నీళ్లు వృథా చేయకండి. నెట్‌ని ఇనుప తీగతో బిగించకండి, ఒక్క లాగుకి ఊడివచ్చే ముడి వేయండి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్‌ని చూసిన ఊరివాళ్లకి గాలి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఏప్రిల్, మే సాయంత్రాల ఈదురుగాలికి కూడా బిగించి కట్టిన నెట్ కుండీలని పడదోస్తుంది.

పనిముట్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మట్టి గుల్ల చేసే చిన్న పార, కొమ్మలు కత్తిరించే కత్తెర, జల్లుగా పోసే మూతి ఉన్న నీళ్ల క్యాను. ఉప్పుగాలికి కత్తెర వారంలో తుప్పు పడుతుంది. వాడిన ప్రతిసారీ తుడిచి చుక్క కొబ్బరినూనె రాస్తే నిలుస్తుంది. పైపు బిగించే క్లిప్పులు ఇనుపవి అసలొద్దు, ప్లాస్టిక్‌వి చాలు.

పొడి ఎండల్లో వంగ, బెండ ఆకుల అడుగున రసం పీల్చే ఎర్రనల్లి పురుగు చేరుతుంది. డ్రిప్ ఆకుల్ని తడపదు కాబట్టి దానికి ఇంకా సుఖం. మేం వారంలో ఒక పొద్దున పైపు పట్టి ఆకుల అడుగుభాగం కడుగుతాం. అప్పటికీ తగ్గకపోతే లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి ఎండ దిగాక చల్లుతాం.

పదీ పదిహేను కుండీలున్నవాళ్లకి ఈ కిట్ అక్కర్లేదు, క్యానే మేలు. రోజూ మొక్కల మొహం చూసినట్టూ ఉంటుంది. నలభై, యాభై దాటి, మే నెలలో ఊళ్లు తిరిగేవాళ్లయితే పెట్టుకోవాల్సిందే. మళ్లీ కొనాల్సివస్తే మాత్రం నేను కిట్ కొనను. 16 ఎంఎం పైపు వ్యవసాయ పరికరాల షాపుల్లో మీటర్ల లెక్కన దొరుకుతుంది, కిట్‌లో వచ్చేదానికంటే మందంగా ఉంటుంది. అది, నల్ల సన్నగొట్టం, తిప్పే డ్రిప్పర్లు కావలసినదానికంటే ఓ పది ఎక్కువ, జాలీ ఫిల్టర్, 0 బార్ టైమర్ విడివిడిగా తెచ్చుకుంటాను. జూన్‌లో వానలు గట్టిగా అందుకోగానే టైమర్ విప్పి, బ్యాటరీలు తీసి లోపల పెట్టేయాలి. ఈ మోడల్‌కి వాన పడుతున్నట్టు తెలియదు, జోరువానలో కూడా ఠంచనుగా 5 గంటలకి నీళ్లు వదులుతుంది.