మాస్టారి మెయిలూ, మా క్లబ్బు వెబ్‌సైటూ: ఆరేళ్ల వాడకం తర్వాత

వెబ్‌సైట్లు తయారుచేసుకునే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ ఎలా ఎక్కించాలి, థీమ్ ఎలా మార్చాలి లాంటివి నేను చెప్పబోవడం లేదు. యూట్యూబ్‌లో కావాల్సినన్ని వీడియోలున్నాయి. మా ఊరి సేవా క్లబ్బు వెబ్‌సైటు ఆరేళ్లుగా దాని మీదే నడుస్తోంది, దాంతో నాకే పేచీ లేదు. నా కోపమంతా డొమైన్ మీదే, అంటే సైటు చిరునామాగా వాడే పేరు మీదే. గడువు తీరినప్పుడల్లా డబ్బు కట్టి మనదే అనిపించుకోవాలి చూశారూ, ఆ పేరు మీద.

నేను ఎరువుల కొట్టు నడుపుకునేవాణ్ని. ఒక మీటింగులో ప్రొజెక్టరు మొరాయిస్తే వైరు పీకి మళ్లీ గుచ్చాను. అంతే, ఆ రోజు నుంచి కంప్యూటరు అన్న మాట వినపడితే చాలు, క్లబ్బంతా నా వైపే చూస్తుంది. సైటు పెట్టించింది మాత్రం నేను కాదు. 2019 సెప్టెంబరులో అప్పటి సెక్రటరీ, రిటైరైన లెక్కల మాస్టారు, పట్టుబట్టి పెట్టించారు. డాట్ ఆర్గ్ పేరు మూడేళ్లకి కొన్నారు. రశీదు ఫైల్లో పెట్టారు, మినిట్స్‌లో పైసలతో సహా రాశారు. ఆ పద్ధతి చూసి, ఇక మనం పట్టించుకోవాల్సిన పనేం లేదనుకున్నాం. పక్క ఊరి క్లబ్బువాళ్లు అడిగితే కూడా "ఒకసారి పెట్టేస్తే దాని మానాన అది నడుస్తుందండీ, మా టీ ఖర్చంత కూడా అవదు" అని గొప్పగా చెప్పాను. ఖర్చు మాట ఇప్పటికీ నిజమే.

సైటు వల్ల లాభం ఉందా అంటే ఉంది, కానీ మేం అనుకున్న చోట కాదు. మా ఉచిత కంటి శిబిరానికి వచ్చే పెద్దవాళ్లెవరూ సైటు చూడరు. హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, మస్కట్‌లోనో ఉన్న వాళ్ల పిల్లలు చూస్తారు. చూసి ఇంటికి ఫోన్ చేస్తారు: "అమ్మా, ఆదివారం హైస్కూల్లో కళ్లు చూస్తారంట, ఆధార్ జిరాక్సు పట్టుకెళ్లు, ఆపరేషనంటే బస్సులో తీసుకెళ్తారంట, రెండు జతల బట్టలు పెట్టుకో." ఈ సంగతి తెలిశాక మొదటి పేజీలోంచి అధ్యక్షులవారి నిలువెత్తు ఫోటో తీసేసి శిబిరం తేదీ పెట్టాను. దానికో చిన్న గొడవ అయింది, అది వేరే కథ.

తెలుగు రాయడానికి మొదట్లో తిప్పలు పడ్డాం. కరపత్రాలు కొట్టే డీటీపీ కుర్రాడు ప్రింటు కోసం వాడే 'అను' ఫాంట్లలో కొట్టి పంపేవాడు. అది సైట్లో అతికిస్తే 'ఉచిత కంటి వైద్య శిబిరం' కాస్తా ఇంగ్లీషు అక్షరాలూ పిచ్చి గీతలూ అయ్యేది. ఏ ఫోన్లోనైనా తెలుగులాగే కనిపించే యూనికోడ్‌లో కొట్టవయ్యా అంటే "ప్రింటుకి ఇదే బాగుంటదండీ" అని వాడి వాదన. చివరికి ఫోన్లో నేనే కొట్టుకోవడం మొదలెట్టాను, 'మండలి' అనే ఫాంటు పెట్టుకున్నాను, ఉచితమే. అప్పట్లో ఆ కుర్రాణ్ని చాలానే విసుక్కున్నాను.

ఇక అసలు సంగతి. 2022 సెప్టెంబరు. ఆదివారం కంటి శిబిరం. ఫ్లెక్సీలు కట్టేశాం, కరపత్రాలు పంచేశాం, అన్నిటి కిందా సైటు చిరునామా ఉంది. గురువారం సాయంత్రం బెంగళూరు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. "అంకుల్, మా అమ్మని పంపుదామని మీ సైటు తెరిస్తే ఏవో లోన్ల యాడ్స్ వస్తున్నాయండీ." తెరిచి చూద్దును కదా, పేరు గడువు తీరిందని ఇంగ్లీషులో ఒక ముక్క, కింద క్రెడిట్ కార్డులు, పర్సనల్ లోన్లు.

పేరు అమ్మిన కంపెనీకి ఫోన్ చేశాను. రిజిస్టరైన మెయిల్ నుంచి అడగాలి, లేదా రిజిస్టరైన మొబైల్‌కి వచ్చిన ఓటీపీ చెప్పాలి అన్నారు. వాళ్లని అని లాభం లేదు, దారినపోయేవాడు ఫోన్ చేసి నాదేనంటే ఇచ్చేస్తారా? ఆ మెయిలు మాస్టారిది, ఆ మొబైలూ మాస్టారిదే. ఆయనేమో డల్లాస్‌లో, మనవరాలి దగ్గర. ఇక్కడి సిమ్ రీచార్జి లేక ఎప్పుడో పోయింది. వాట్సాప్ మాత్రం అదే నంబరు మీద నడుస్తోంది, అదొక్కటే అదృష్టం.

రాత్రి తొమ్మిదిన్నరకి చేశాను, అక్కడ పొద్దున పదకొండు. "పాస్‌వర్డా? నేనెప్పుడు పెట్టానయ్యా? ఆ డీటీపీ కుర్రాడే ఏదో కొట్టాడు. మెయిలొచ్చిందేమో చూడరా అంటే వాడే తెరిచి చూపించేవాడు" అన్నారు.

తెల్లారగానే షాపు దగ్గర నిలబడ్డాను. కుర్రాడు తాళం తీసి, మూలనున్న పాత కంప్యూటరు మీద గుడ్డ తీశాడు. "ఇది కరెంటు బిల్లులకే వాడతన్నానండీ" అంటూ బ్రౌజరు తెరిచాడు. మాస్టారి మెయిలు తెరిచే ఉంది! మూడేళ్లుగా ఎవరూ లాగౌట్ చెయ్యలేదు. ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే సిగ్గూ వేసింది. ఒక పెద్దాయన పెన్షన్ కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, కొడుకు పంపిన ఫోటోలు, అన్నీ బజారులోని షాపులో బార్లా తెరిచి ఉన్నాయి. మా సైటు పేరు గడువు గురించి కంపెనీ పంపిన ఉత్తరాలూ అందులోనే ఉన్నాయి. గడువుకి నెల ముందొకటి, వారం ముందొకటి, తీరాక ఇంకొకటి. పేర్లమ్మే కంపెనీలు అలా పంపి తీరాలని ఐకాన్ (ICANN) నిబంధన, ఇంటర్నెట్ పేర్ల వ్యవహారం చూసే సంస్థ అది. పంపారు పాపం. ఒక్కటీ తెరిచినవాడు లేడు.

మాస్టారిని వాట్సాప్‌లో అడిగి, ఆయన సరేనన్నాక, అక్కడే కూర్చుని పాస్‌వర్డు మార్చి, నా ఫోన్‌పే నుంచి డబ్బు కట్టాను. సాయంత్రానికి సైటు వచ్చేసింది. గడువు తీరి వారం కూడా కాలేదు కాబట్టి మామూలు రేటుకే పోయింది. డాట్ ఆర్గ్ లాంటి పేర్లకి కంపెనీని బట్టి 45 రోజుల దాకా ఆ వెసులుబాటు ఉంటుంది. అది దాటితే 30 రోజుల పాటు విడిపించుకునే రుసుము, ఏడాది ధరకి ఎన్నో రెట్లు. ఆపైన ఇంకో 5 రోజులాగి బజారున పడేస్తారు, ఎవరైనా కొనుక్కోవచ్చు. ఆ అమ్మాయి ఫోన్ చెయ్యకపోతే మేం ఏ మెట్టు మీద మేలుకునేవాళ్లమో.

ఆదివారం వాళ్లమ్మగారు వచ్చారు, సంచిలో రెండు జతల బట్టలతో. ఆధార్ జిరాక్సు మాత్రం మర్చిపోయారు. డీటీపీ కుర్రాడే తీసిచ్చాడు, డబ్బులడగలేదు. వాణ్ని విసుక్కున్నదంతా మనసులోనే వెనక్కి తీసుకున్నాను.

తప్పు మాస్టారిదని నేననను. లయన్స్ అయినా రోటరీ అయినా జులై 1కి కొత్త కార్యవర్గం వస్తుంది. మీటింగుల్లో కొట్టే గంట, సుత్తి, చెక్‌బుక్కు చేతులు మారతాయి. పాస్‌వర్డు చేతులు మారాలని ఎవరికీ తట్టదు. ఇప్పుడు క్లబ్బు పేరుతోనే ఒక మెయిలుంది. దాని పాస్‌వర్డు కవర్లో పెట్టి సీలు వేసి, ప్రమాణ స్వీకారం రోజు సుత్తితో పాటు ఇస్తున్నాం. పేరు పదేళ్లకి ఒకేసారి కొనొచ్చు, కొందామన్నాను. "పదేళ్లకి ఎవరుంటారో ఏంటో, మూడేళ్లకి చాల్లెండి" అన్నారు ప్రెసిడెంటు గారు. మూడేళ్లకే కట్టాం.

విరాళాల క్యూఆర్ కోడ్ కూడా కొన్నాళ్లు పెట్టాం. మా ఆడిటరు చూసి తీయించారు. ఇండియా పాస్‌పోర్టుతో అమెరికాలో ఉన్నవాళ్లు పంపితే ఫరవాలేదు గానీ, అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే అది విదేశీ విరాళం కిందికే వస్తుందట, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ లేకుండా తీసుకోకూడదట. పంపేవాడి పాస్‌పోర్టు రంగు క్యూఆర్ కోడ్‌కేం తెలుసు!

మీరూ పెట్టుకోవాలా అంటే, మా ఊళ్లోలా పిల్లలంతా బయట ఉంటే పెట్టుకోండి. అందరూ ఊళ్లోనే ఉంటే వాట్సాప్ గ్రూపు సరిపోతుందేమో. మాకు లాభించింది, కానీ మాకొక పాత కంప్యూటరు కలిసొచ్చింది, అది అందరికీ ఉండదు.

అన్నట్టు, క్లబ్బు మెయిలుకి రికవరీ నంబరు ఇవ్వాల్సొచ్చింది. క్లబ్బుకి వేరే సిమ్ తీసుకుంటే నెలనెలా రీచార్జి ఎవరు చేయిస్తారని చర్చ నడిచింది, తేలలేదు. అందాకా అని నా నంబరే ఇచ్చాను. వచ్చే ఏడు మా అమ్మాయి దగ్గరికి మెల్‌బోర్న్ వెళ్లాలి, ఆరు నెలలు.