క్యాలిబ్రేషన్ అక్కర్లేని కార్డియాక్ అవుట్‌పుట్ మానిటర్: మూడేళ్లు వాడాక

గుండె నిమిషానికి ఎంత రక్తం పంపుతుందో (కార్డియాక్ అవుట్‌పుట్) చూపించే మెషీన్ ఇది. స్క్రీను, గ్రాఫులు, బ్యాటరీ గురించి బ్రోచర్‌లోనే ఉంటుంది. ఇక్కడ చెప్పాల్సింది ఒక్క ఫీచర్ గురించే. "క్యాలిబ్రేషన్ అక్కర్లేదు, రేడియల్ లైన్ ఉంటే చాలు" అని గొప్పగా అమ్ముతారే (అంటే వేరే పద్ధతిలో కొలిచి సరిచూడక్కర్లేదు, మణికట్టు ఆర్టరీలో ట్యూబ్ ఉంటే చాలు అని), ఇన్‌ఫెక్షన్ వల్ల బీపీ పడిపోయే సెప్టిక్ షాక్‌లో గుండె కూడా దెబ్బతిన్న పేషెంటు దగ్గర సరిగ్గా అదే కొంప ముంచుతుంది.

తిరుపతి ఐసీయూల్లో ఇలాంటి కేసులు కొత్త కాదు. వానలు పడ్డాక కొండ అంచు ఊళ్ల నుంచి స్క్రబ్ టైఫస్ (చిన్న పురుగు కాటుతో వచ్చే జ్వరం) వస్తుంది. చంకలోనో గజ్జల్లోనో నల్ల పెచ్చు కనిపెట్టేలోపే బీపీ పడిపోయి ఉంటుంది, కొందరికి మయోకార్డైటిస్ (గుండె కండరం వాపు) తోడవుతుంది. అలాంటి ఒక పేషెంటుకు మీన్ ప్రెషర్ (సగటు బీపీ) 56 ఉండింది. నార్‌అడ్రినలిన్‌ను (నారాడ్, నాళాలను బిగించే మందు) నిమిషానికి కిలోకు 0.1 మైక్రోగ్రామ్ నుంచి గంటలో 0.35కి పెంచితే మీన్ 74కి చేరింది. మానిటర్‌లో కార్డియాక్ ఇండెక్స్ (ఒంటి సైజుకు తగ్గట్టు లెక్కగట్టిన అవుట్‌పుట్) 2.3 నుంచి 3.2కి ఎక్కింది. అందరికీ ఊపిరి తిరిగింది.

కానీ మోకాళ్లు చల్లగా, ఊదా మచ్చలు తేలి ఉన్నాయి. వేలి కొసను 10 సెకన్లు నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి 6 సెకన్లు పట్టింది, 3 దాటకూడదు. ఒంటికి రక్తం చాలనప్పుడు పెరిగే లాక్టేట్ 4.1 నుంచి 5.8కి పోయింది. ఎకో (గుండె స్కాన్) పెట్టి చూస్తే ఎల్‌వీఓటీ (ఎడమ జఠరిక నుంచి రక్తం బయటికి పోయే దారి) దగ్గర వీటీఐ, అంటే ఒక్కో బీట్‌కు రక్తం ముందుకు కదిలే దూరం, 10 సెంటీమీటర్లు. మందు పెంచకముందు 15. గుండె వేగం పెద్దగా మారలేదు కాబట్టి, మానిటర్ పెరిగిందన్న అవుట్‌పుట్ నిజానికి మూడో వంతు తగ్గింది!

కారణం సులువే. ఈ మెషీన్‌కు రక్త ప్రవాహం కనబడదు, ఆర్టరీలోని ప్రెషర్ వేవ్ మాత్రమే కనబడుతుంది. దాని ఆకారం, పేషెంటు వయసు, ఎత్తు, బరువు చూసి రక్తనాళాల బిగువును అంచనా కడుతుంది. వదులైపోయిన నాళాలను నారాడ్ గబగబా బిగిస్తే ఆ అంచనా వెనకబడుతుంది, ప్రెషర్ పెరగడాన్ని ప్రవాహం పెరిగినట్టు లెక్కేస్తుంది. నీరసించిన ఎడమ జఠరికేమో బిగిసిన నాళాల మీదికి నెట్టలేక ఒక్కో బీట్‌కు తక్కువ రక్తం పంపుతుంది. నారాడ్ 0.2కి దించి, గుండె బలంగా కొట్టడానికి ఇచ్చే డాబ్యుటమిన్ 2.5తో మొదలుపెట్టి 5 మైక్రోగ్రాములకు తెచ్చాక వీటీఐ 14, రంగు తిరగడానికి 3 సెకన్లు. మీన్ 66 ఉన్నా సరిపోయింది, ఎలాగూ మొదటి లక్ష్యం 65 కదా. అప్పుడు మానిటర్‌లో ఇండెక్స్ 2.9. దాని లెక్కలో పేషెంటు దిగజారాడు, మంచం దగ్గర కాళ్లు వెచ్చబడ్డాయి.

లైన్ తప్పేమో అని ముందే చూశారు, ఎప్పుడైనా చూడాల్సిందే. లైన్‌లోకి సెలైన్ నెట్టే ప్రెషర్ బ్యాగ్ 300 మీద ఉండాలి. ట్యూబ్‌లోకి సెలైన్‌ను ఒక్కసారిగా పంపే ఫ్లష్ లాగి వదిలితే వేవ్ ఒకటి రెండు సార్లు ఊగి ఆగాలి. అసలు ఊగకపోతే ట్యూబ్‌లో బుడగో గడ్డో ఉన్నట్టు, అప్పుడు స్ట్రోక్ వాల్యూమ్ (ఒక్కో బీట్‌కు పంపే రక్తం) తప్పుగా తక్కువ చూపిస్తుంది. ప్రెషర్‌ను కొలిచే ట్రాన్స్‌డ్యూసర్ నాలుగో పక్కటెముకల సందు ఎత్తులో, చంక మధ్య గీత మీద ఉండాలి. 10 సెంటీమీటర్లు కిందికి జారితే ప్రెషర్ 7.5 ఎక్కువ కనబడుతుంది. తల వైపు మంచం లేపి, ట్రాన్స్‌డ్యూసర్ మార్చడం మరిచిపోవడం రోజూ జరిగేదే.

ఎస్‌వీవీ (ఊపిరితో పాటు స్ట్రోక్ వాల్యూమ్ ఎంత శాతం మారుతుందో చెప్పే అంకె) గురించి మొదటి ఏడాది చాలా మెచ్చుకున్న మాట నిజమే. 13 దాటితే ఫ్లూయిడ్ ఇచ్చేయొచ్చు అనిపించేది. అది పేషెంటు సొంతంగా ఊపిరి తీయకుండా, టైడల్ వాల్యూమ్ (వెంటిలేటర్ ఒక్కో ఊపిరికి ఇచ్చే గాలి) కిలోకు 8 మిల్లీలీటర్లు ఉండి, రిథమ్ సరిగ్గా ఉన్నప్పుడే. ఊపిరితిత్తులు పాడై 6 మీద నడిపేవాళ్లలో తక్కువ చూపించి మోసం చేస్తుంది. కుడి జఠరిక ఉబ్బినవాళ్లలో ఎక్కువ చూపిస్తుంది. దాన్ని నమ్మి సెలైన్ పోస్తే గుండె ఇంకా చతికిలబడుతుంది.

బాగా పనికొచ్చేది కాళ్లు ఎత్తి చూసే పరీక్షలో. 45 డిగ్రీలు కూర్చున్నట్టున్న పేషెంటును, మంచం బటన్‌తోనే, ఒళ్లు చదునుగా, కాళ్లు 45 డిగ్రీలు పైకి వచ్చేలా తిప్పాలి. చేతులతో ఎత్తితే నొప్పికి అంకెలు మారిపోతాయి. నిమిషంలో ఇండెక్స్ 10 శాతం పెరిగితే 250 మిల్లీలీటర్లు ఇచ్చి చూడొచ్చు. ఆ నిమిషంలో మందులేవీ మారవు కాబట్టి మెషీన్ అంచనా చెడదు.

రాత్రిపూట ఎకో చేయగల మనిషి ఉన్న చోట దీన్ని ఉంచుకోవచ్చు. లేని చోట, అరగంటకోసారి వేలు నొక్కి చూడటం, రెండు గంటలకోసారి లాక్టేట్ తీయడం ఎక్కువ మేలు. చల్లటి సెలైన్‌తో క్యాలిబ్రేట్ చేసే థర్మోడైల్యూషన్ మెషీన్ ఇలాంటి గుండెలకు నయం, కానీ తొడ దగ్గర ఆర్టరీ లైన్, సెంట్రల్ లైన్ రెండూ కావాలి, ఖర్చూ ఎక్కువే. క్యాలిబ్రేషన్ అక్కర్లేని ఈ మెషీన్ సెన్సర్ కూడా ఒక్క పేషెంటుకే పనికొస్తుంది, బిల్లు అటెండర్ల మీద పడుతుంది. అందుకే ఇప్పుడు ప్రతి షాక్‌కూ సెన్సర్ తెరవడం మానేశాం. తెరిచినప్పుడు మాత్రం నారాడ్ మార్చిన ప్రతిసారీ వీటీఐ కొలిచి, చార్టులో మానిటర్ అంకె పక్కనే టైమ్ వేసి రాస్తున్నాం.