పాత ఫ్యానా, కొత్త ఫ్యానా?

ఇప్పటి వస్తువులన్నీ నాసిరకమేనన్న మాట సీలింగ్ ఫ్యాన్ల విషయంలో సగమే నిజం. పాత ఇండక్షన్ మోటారు ఫ్యాను దాదాపు 75 వాట్లు తీసుకుంటే, అంతే గాలినిచ్చే కొత్త బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారును ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిపే) ఫ్యానుకు 35 వాట్లలోపే చాలు కనుక, రోజుకు 15 గంటలు తిరిగే ఇంట్లో నెలకు సుమారు 18 యూనిట్లు ఆదా అవుతాయి. ఇందులో కొత్తదానికి పోటీ లేదు.

మరమ్మతు దగ్గర మాత్రం లెక్క తిరగబడుతుంది. మా నడవాలోని పాత ఫ్యాను నీరసించినప్పుడల్లా వీధి చివరి ఎలక్ట్రీషియన్ నిచ్చెనెక్కి, ఉబ్బిన 2.5 మైక్రోఫారడ్ కెపాసిటర్ తీసి కొత్తది బిగిస్తే పది నిమిషాల్లో మళ్లీ జోరందుకునేది. కాయిల్ కాలినా రాగితీగతో వైండింగ్ చేయించుకునేవాళ్లం. పడకగదిలోని కొత్త ఫ్యానులో, వోల్టేజీ హెచ్చుతగ్గులకు కాబోలు, సర్క్యూట్ బోర్డు పోయినప్పుడు అదే మనిషి విప్పి చూసి, ఆ మోడల్ బోర్డే కావాలని చెప్పి మళ్లీ మూసేశాడు.

అయితే పాతవన్నీ గట్టివనడమూ సరికాదు. త్వరగా చెడిపోయినవి ఎప్పుడో పాత ఇనుము కొట్టుకు చేరాయి కనుక, మిగిలినవే మనకు కనిపిస్తున్నాయి. నా మటుకు, ఎక్కువసేపు తిరిగే గదికి బోర్డు విడిగా దొరికే కొత్త ఫ్యానునే కొంటాను, నడవాలోని పాతదాన్ని మాత్రం దించను.