మూడేళ్లుగా కవరు లేని బజారు: నా దగ్గరున్న నాలుగు సంచుల సంగతి

మాది పాలకొల్లు. వారానికి రెండుసార్లు కూరగాయలు, ఆదివారం చేపలు. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే పల్చటి ప్లాస్టిక్ కవర్లు ఇవ్వకూడదని రూలు పడ్డాక మా వీధి కిరాణా కొట్టాయన కవర్లు మానేశాడు. అంతకు ముందు ఏడాది సెప్టెంబరులో 75 అన్నప్పుడు మాత్రం ఎవరూ చెవిన పెట్టలేదు. నాకు అసలు సిగ్గనిపించింది ఆ తర్వాతి వేసవిలో. కాలువలు కట్టేశాక లాకుల దగ్గర అడుగు బయటపడితే బురద కంటే కవర్లే ఎక్కువున్నాయి. ఇక అప్పటినుంచి చేతిలో సంచి లేకుండా గడప దాటలేదు. దాటినప్పుడల్లా మళ్లీ వెనక్కొచ్చాను లెండి.

మొదట బట్టల కొట్లో ఇచ్చే గుడ్డ కవర్లు. గుడ్డ అని మనం అనుకోవడమే. ఓ అంచు కత్తిరించి అగ్గిపుల్ల చూపించాను. నూలైతే బూడిద రాలాలి, ఇది కరిగి నల్లటి పూసలా ముద్దకట్టింది. అది పాలీప్రొపిలీన్, ప్లాస్టిక్కే. అందుకే దానికీ కనీసం 60 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకి 60 గ్రాముల బరువు, ఉండాలని రూల్లో పెట్టారు. మా ఇంట్లో పెరటి కిటికీకి తగిలించిన సంచి ఏడాది ఎండకి, చెయ్యి వెయ్యగానే పొడిపొడిగా రాలింది. ఆ పొడి చిమ్మడం కవరు ఏరుకోవడం కంటే కష్టం. దీనికి నేను మార్కులు వెయ్యను.

రెండోది నూలు సంచి. మావారి పాత పంచెలతో అత్తగారు కుట్టారు, పెద్దవి రెండు, పప్పులకి చిన్నవి ఆరు. పొడి సరుకుకి దీన్ని మించింది లేదు. చిక్కల్లా శ్రావణమాసంలోనే. గోంగూర కట్టల మట్టి అంటుకుంటే ఉతకాలి, ఉతికితే రెండ్రోజులకీ ఆరదు, ఆరకుండా మడిస్తే బూజు మచ్చలు. నూలు సంచి తయారీతో వాతావరణం మీద పడే భారం కూడా తక్కువేం కాదు. 2011లో ఇంగ్లండు పర్యావరణ సంస్థ వేసిన లెక్క ప్రకారం, వాతావరణానికి చేసే చెరుపులో ఒక్కసారి వాడి పారేసే పల్చటి కవరుతో సమానం కావాలంటే నూలు సంచిని 131 సార్లు వాడాలి. వారానికి రెండుసార్ల చొప్పున పదిహేను నెలలు. మావి ఎప్పుడో దాటేశాయి. పైగా పాత పంచె కదా, ఆ లెక్క మాకు అంతగా వర్తించదు కూడాను. కానీ ప్రతి పెళ్లిలోనూ ఇచ్చే కొత్త సంచులు బీరువాలో పేర్చుకునేవాళ్లు దీన్ని ఓసారి ఆలోచించండి.

మూడోది యూరియా బస్తా సంచి. 45 కేజీల ఖాళీ బస్తాని సగానికి కోసి టైలరు చేత పిడులు వేయించాను, ఇరవై రూపాయలు తీసుకున్నాడు. మూడుసార్లు సర్ఫు నీళ్లలో నానబెడితే గానీ వాసన పోలేదు. ఎనిమిది కొబ్బరికాయలు వేసి సైకిలు హ్యాండిలుకి తగిలించినా చెక్కుచెదరదు. తినే సరుకు నేరుగా అందులో వెయ్యను, తొక్క తీసేవే వేస్తాను.

ఇక చేపలు, రొయ్యలు. అందరూ బోల్తా పడేది ఇక్కడే, నేనూ పడ్డాను. మొదట్లో ధీమాగా అరకేజీ రొయ్యల్ని నూలు సంచిలో వేయించుకుని స్కూటీ డిక్కీలో పెట్టాను. ఇంటికొచ్చేసరికి ఆ నీళ్లు డిక్కీలో ఉన్న బండి కాయితాల మీదకి దిగాయి. నాలుగు రోజులు ఎవర్ని ఎక్కించుకున్నా ముక్కు మూసుకున్నారు. ఇప్పుడు మూత బిగుతుగా ఉండే స్టీలు క్యాను తీసుకెళ్తున్నాను. చేపలమ్మే ఆవిడ క్యాను బరువుతో కలిపి తూస్తుందేమోనని మొదటిరోజు అనుమానపడి అడిగాను కూడా.

“ముందు ఖాళీ క్యాను కాటా మీద పెట్టవే అమ్మా.”

“ఎందుకండీ అమ్మగోరూ, నా పళ్లెంలోనే తూచి ఇందులో ఏత్తాను కదా!”

అంత తేలిక. ఇప్పుడు నన్ను చూడగానే ఆవిడే క్యానుకి చెయ్యి చాస్తుంది. మావారికి మాత్రం అలవాటు కాలేదు. ఆయన జేబులో సెల్లు ఉంటుంది, కళ్లజోడు ఉంటుంది, సంచి ఉండదు. మొన్న కూడా బల్ల కింద నుంచి తీసిచ్చిన పల్చటి నల్ల కవర్లో మటన్ తెచ్చారు. టిఫిన్ సెంటరు చట్నీ కూడా ఇంకా కవర్లోనే వస్తోంది. పొద్దున్నే కేరేజీ పట్టుకెళ్లే ఓపిక నాకూ లేదు.

అన్నిట్లోకీ నాకు నచ్చింది మా అమ్మ ఇచ్చిన వైరు బుట్ట. ఇదీ ప్లాస్టిక్కే, కాదనను, కానీ వయసు పదిహేనేళ్లు. స్కూటీ ముందు కాళ్ల దగ్గర నిటారుగా నిలబడుతుంది, తోటకూర తడి కారిపోతుంది, టమాటాలు నలగవు, మురికైతే కుళాయి కింద తిప్పితే చాలు. నాలుగు కేజీలు దాటితే పిడి వేళ్లని కోసేస్తుంది, దానికి పాత చీర ముక్క చుట్టాను. మడత పడదు కాబట్టి బస్సు ప్రయాణానికి పనికిరాదు.

పక్క వీధిలో ఇప్పటికీ అల్లే ఆవిడ ఉంది. ఇంకోటి చెప్పాను, ఆకుపచ్చా పసుపూ కలిపి. కన్నాలు ఈసారి చిన్నవిగా వెయ్యమన్నాను. పాతదాన్లోంచి పచ్చిమిరపకాయలు జారిపోతున్నాయి.