మహారాణిపేట ల్యాబ్‌లో రొమ్ము గడ్డ బయాప్సీ, జన్యు పరీక్ష

మా పిన్నికి రొమ్ములో గడ్డ తగిలినప్పుడు, సర్జన్ గారు లావు సూదితో తీసిన కోర్ బయాప్సీ ముక్కలను విశాఖపట్నంలో కేజీహెచ్‌కు (కింగ్ జార్జ్ ఆసుపత్రికి) దగ్గరలో, మహారాణిపేటలో ఉన్న ఒక ప్రైవేటు ల్యాబ్‌కు ఇచ్చాం. జన్యు పరీక్ష కూడా తరువాత అక్కడే చేయించాం. ఒక ఫిర్యాదు కూడా రాయవలసి ఉన్నందున ల్యాబ్ పేరు చెప్పడం లేదు.

సీసా అందుకోగానే కౌంటర్‌లో ఉన్న అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న, ముక్క తీసింది ఎన్ని గంటలకు, ఫార్మలిన్‌లో (కణజాలం చెడకుండా ఉంచే ద్రవంలో) వేసింది ఎన్ని గంటలకు అని. ముక్క తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో పడాలని, అందులో 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలకు మించకుండా ఉండాలని, ఈ లెక్క తప్పితే కణాల్లో హార్మోన్లను అందుకునే రిసెప్టార్లు ఉన్నా లేనట్లు కనిపించే ప్రమాదం ఉందని ఆమె ఓపికగా వివరించింది. ఆ సమయాలు రిపోర్టులోనూ అచ్చయ్యాయి. గడ్డ క్యాన్సరేనని తేలింది. గ్రేడ్ 3 అని ఒక్క మాటలో తేల్చేయకుండా, కణాలు గొట్టాల్లా అమరిన తీరుకు 3, కేంద్రకాల రూపానికి 3, కణవిభజనకు 2, మొత్తం 9కి 8 అని విడివిడిగా రాశారు. గ్రేడ్ అంటే కణాల తీరు మాత్రమేనని, జబ్బు ఎంతవరకు పాకిందో చెప్పేది స్టేజ్ అని పాథాలజిస్టు గారు స్వయంగా చెప్పడంతో పిన్ని కొంత కుదుటపడింది.

ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ రిసెప్టార్లు రెండూ నెగటివ్. కణాల పెరుగుదలను ప్రేరేపించే హెర్2 అనే ప్రొటీన్ మాత్రం 2+ వచ్చింది. అది అటూ ఇటూ కాని ఫలితం కాబట్టి, హెర్2 జన్యువు ప్రతులను లెక్కపెట్టే ఫిష్ పరీక్ష తప్పదు. ఆ అవసరం రావచ్చని, దానికి వేరే ఖర్చు ఉంటుందని ముందే చెప్పి ఉండవలసింది. ఫిష్ కూడా నెగటివ్ రావడంతో జబ్బు ట్రిపుల్ నెగటివ్, అంటే ఆ మూడూ నెగటివ్ అయిన రకం అని తేలింది. బీఆర్‌సీఏ1 జన్యువులో లోపం ఉన్నవారికి వచ్చే గడ్డల్లో ఈ రకం ఎక్కువ. పైగా, ఆ లోపం వల్లే ముప్పు పెరిగే అండాశయ క్యాన్సర్‌తో మా పెద్దమ్మ పోయింది. అందుకే జన్యు పరీక్ష అన్నారు.

ఈ ల్యాబ్‌లో నాకు అన్నిటికంటే నచ్చినది రక్తం తీయడానికి ముందు జరిగిన కౌన్సెలింగ్. ఆడవారి జబ్బు కదా అని అందరూ అమ్మమ్మ వైపే ఆరా తీస్తారు. ఆ కౌన్సెలర్ మాత్రం తాతగారి అక్కచెల్లెళ్ల గురించి కూడా అడిగి, మగవారికి చతురస్రాలు, ఆడవారికి వృత్తాలు గీస్తూ మా వంశవృక్షమంతా కాగితం మీద పెట్టారు. బీఆర్‌సీఏ1 17వ క్రోమోజోమ్ మీద, అలాంటిదే మరో జన్యువు బీఆర్‌సీఏ2 13వ దాని మీద ఉంటాయి, ఇవి ఆడ, మగ తేడా లేని క్రోమోజోములు కనుక, లోపం తండ్రిలో ఉన్నా ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగానికి సగం. “నేనేం తిన్నందుకు వచ్చిందమ్మా ఇది?” అని పిన్ని అడిగితే, వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి 5 నుంచి 10 వరకేనని, వయసు, చిన్నతనంలోనే రజస్వల కావడం, ఆలస్యంగా ముట్లుడగడం, ఆ తరువాత బరువు పెరగడం, మద్యం వంటివి ముప్పును పెంచుతాయే గాని, ఫలానా మనిషికి ఫలానా కారణమని వేలెత్తి చూపలేమని ఆమె చెప్పారు.

ఇంత శ్రద్ధగా మొదలుపెట్టినవారు, ఫలితాన్ని మాత్రం కౌన్సెలర్‌ను కలవకముందే ఫోనుకు పంపేశారు. బీఆర్‌సీఏ2లో ‘అర్థం ఇంకా తేలని మార్పు’ అన్న వాక్యం చదివి, తన కూతుళ్లకూ అంటించానని పిన్ని రాత్రంతా ఏడ్చింది. అలాంటి మార్పుల్లో తరువాత తేలినవి చాలావరకు హానిలేనివేనని, దాన్ని పట్టుకుని ఆపరేషన్ నిర్ణయాలు తీసుకోకూడదని, ఆ మార్పు కోసం ఆడపిల్లలకు పరీక్షలు చేయించనక్కరలేదని, కుటుంబ చరిత్రను బట్టి వారు డాక్టరు పర్యవేక్షణలో ఉంటే చాలని కౌన్సెలర్ చెప్పేసరికే ఆ బాధ పడవలసినంతా పడింది. ఇది మన్నించదగిన లోపం కాదు.

బయాప్సీకి ఈ ల్యాబ్‌ను నిస్సందేహంగా సూచిస్తాను. జన్యు పరీక్షకు వెళ్లేవారు, ఫలితాన్ని కౌన్సెలర్ ఎదుటే ఇవ్వాలని ఫారం మీద ముందే రాయించండి. అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో చూపించడానికి పారాఫిన్ బ్లాకులు (ముక్కలను మైనంలో పోసి ఉంచిన దిమ్మలు), స్లైడ్లు అడిగితే, మారుమాట లేకుండా సంతకం తీసుకుని ఇచ్చారు.